ఘాట్ రోడ్డు రైడ్‌కి డిజిటల్ రోడ్‌బుక్: తయారు చేయడం, ఫాలో అవ్వడం ఎలా?

గోదారి_గేర్లు

అందరికీ నమస్కారం అండీ. వానలు తగ్గాక మా రాజమండ్రి బ్యాచ్ ఒక రైడ్ అనుకుంటోంది. గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి ఘాట్ దాటి, చింతూరు వైపు నుంచి మోతుగూడెం, డొంకరాయి, సీలేరు మీదుగా చింతపల్లి, అక్కణ్ణుంచి లంబసింగి. బళ్ళు రకరకాలు, ఫోన్లు అంతకంటే రకరకాలు.

"జీపీఎక్స్ ఫైల్ వాట్సాప్‌లో పడేస్తే సరిపోతుంది కదా" అంటారు మావాళ్ళు. (జీపీఎక్స్ అంటే జీపీఎస్ దారిని దాచుకునే ఫైల్.) పోయినసారి అదే చేశాం. ఒకే ఫైల్ ఒకరి ఫోన్‌లో హైవే చూపించింది, ఇంకొకరిని ఊరి మధ్య సిమెంటు సందులోకి తీసుకెళ్ళింది, మరొకరికి గీత కనపడింది కానీ ఎక్కడ తిరగాలో చెప్పలేదు. ఈసారి వెళ్ళే దారిలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోలేం, ఫోన్ చేసి "ఎక్కడున్నావ్" అని అడిగే వీలుండదు.

అందుకే ర్యాలీల్లో వాడే రోడ్‌బుక్ (ఎంత దూరంలో ఎటు తిరగాలో వరసగా రాసి ఉండే పుస్తకం) లాంటిది ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చూసుకునేలా చేద్దామని ఉంది. ఎవరైనా చేశారా? ఎక్కడ మొదలెట్టాలి?

కొండమలుపు

ముందు ఆ ఫైల్ సంగతి చూద్దాం, మీ బాధంతా అక్కడే ఉంది.

జీపీఎక్స్ అనేది ఒక డబ్బా. అందులో వేపాయింట్లు (గుర్తు పెట్టుకున్న చోట్లు) ఉండొచ్చు, రూట్ ఉండొచ్చు, ట్రాక్ ఉండొచ్చు. ట్రాక్ అంటే వెళ్ళిన దారి మొత్తం దగ్గర దగ్గర చుక్కలుగా ఉంటుంది. దాన్ని ఏ యాప్‌లో తెరిచినా అదే గీత. రూట్ అలా కాదు. అందులో ముఖ్యమైన చోట్లు మాత్రమే ఉంటాయి, ఆ చోట్ల మధ్య దారిని మీ డివైస్ అప్పటికప్పుడు లెక్క వేసుకుంటుంది. ఒకరు "తక్కువ దూరం" అని సెట్టింగ్ పెట్టుకుంటే సందులోకి పోతుంది, ఇంకొకరు "తక్కువ సమయం" అని పెట్టుకుంటే హైవే ఎక్కుతుంది. మ్యాప్ పాతదైతే మరో దారి. మీకు జరిగింది నూటికి తొంభై పాళ్ళు ఇదే.

కాబట్టి ట్రాక్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. యాప్‌లో "దారి తప్పితే మళ్ళీ లెక్కించు" అనే ఆప్షన్ ఆపేయమని అందరికీ చెప్పండి. లేదంటే ఒక్క మలుపు దాటిపోగానే అది మీ ప్లాన్ పక్కన పెట్టి సొంత దారి వెతుక్కుంటుంది.

ఇంకో చిక్కు. సెకనుకో పాయింట్ చొప్పున రికార్డ్ చేసిన ట్రాక్ ఆరు గంటలకే 21,600 పాయింట్లు అవుతుంది. పాత చేతి జీపీఎస్‌లు కొన్ని ట్రాక్‌కి 10,000 పాయింట్లకు మించి తీసుకోవు, మిగతాది చెప్పాపెట్టకుండా కత్తిరించేస్తాయి. పాయింట్లు తగ్గించాలి, కానీ మరీ 500కి తగ్గిస్తే హెయిర్‌పిన్‌లు (యూ ఆకారపు మలుపులు) నిఠారుగా అయిపోతాయి, గీత లోయ మీదుగా పోతుంది. ఘాట్ ఉన్న రోజుని రెండు మూడు ఫైళ్ళుగా విడగొట్టడం మేలు.

గోదారి_గేర్లు

అర్థమైంది అన్నా. మరి ట్రాక్ అయితే "ఇక్కడ కుడికి" అని చెప్పదు కదా? గీత చూస్తూ బండి నడిపితే కళ్ళు రోడ్డు మీద ఎక్కడుంటాయి?

ఎల్లో_బోర్డ్

గూగుల్ తల్లి ఉండగా ఈ తంటాలెందుకు భయ్యా? ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే వాయిస్ కూడా వస్తుంది.

కొండమలుపు

@ఎల్లో_బోర్డ్ గమ్యం చేరడమే కావాలంటే అది చాలు. వీళ్ళకి కావాల్సింది ఫలానా దారినే వెళ్ళడం. నావిగేషన్ యాప్‌కి సీలేరు మీదుగా వెళ్ళాలన్న సరదా ఉండదు, దానికి లంబసింగి చేర్చడమే పని.

ట్యులిప్_మాస్టారు

చాలాకాలం టీఎస్‌డీ ర్యాలీల్లో (టైమ్-స్పీడ్-డిస్టెన్స్, అంటే చెప్పిన వేగంతో చెప్పిన టైమ్‌కి చేరాల్సినవి) నావిగేటర్ సీట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి నా రెండు ముక్కలు. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

రోడ్‌బుక్‌లో మ్యాప్ ఉండదు. నిర్ణయం తీసుకోవాల్సిన చోట్లు మాత్రమే ఉంటాయి. ఒక్కో చోటుకి ఒక్కో అడ్డగడి. ఎడమ పక్కన రెండు అంకెలు: మొదలైన చోటు నుంచి మొత్తం దూరం, కిందటి గడి నుంచి ఇక్కడికి మధ్య దూరం. నడుమ చిన్న బొమ్మ, దాన్నే ట్యులిప్ అంటాం. కుడి పక్కన నోట్స్.

బొమ్మ ఎప్పుడూ మీరు కింద నుంచి పైకి వస్తున్నట్టే గీస్తారు. అడుగున చిన్న ఉండ ఉంటుంది, అది మీరు. బాణం మీరు వెళ్ళాల్సిన వైపు. ఉత్తరం ఎటుందన్న గొడవ లేదు. కూడలిలో కనిపించే మిగతా రోడ్లు కూడా గీయాలి, ఎందుకంటే బండి మీద ఉన్నవాడు బొమ్మని, ఎదురుగా కనిపిస్తున్నదాన్ని పోల్చుకుంటాడు. తారు రోడ్డుకి లావు గీత, మట్టి రోడ్డుకి సన్న గీత, కాలిబాటకి చుక్కల గీత అని మీ బ్యాచ్‌లో ఒక మాట అనుకుని మొదటి పేజీలోనే రాసేయండి.

ప్రమాదానికి ఆశ్చర్యార్థకాలు. ఒకటి ఉంటే జాగ్రత్త, రెండుంటే బాగా స్లో అవ్వాలి, మూడుంటే దాదాపు ఆగినట్టే వెళ్ళాలి. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ మూడు పెడితే అసలైన మూడింటిని ఎవడూ పట్టించుకోడు. ఇది పొదుపుగా వాడాల్సిన సరుకు.

క్యాప్ అని ఇంకొకటుంది, అంటే మలుపు తిరిగాక ఏ దిశలో వెళ్ళాలో డిగ్రీల్లో. ఎడారి ర్యాలీల్లో రోడ్డే ఉండదు కాబట్టి అక్కడ అదే ప్రాణం. డకార్ అనే పెద్ద ఎడారి ర్యాలీలో పోటీదారు చేతికి మ్యాప్ ఇవ్వరు. రోడ్‌బుక్, దూరం, దిశ, అంతే. చాలా వేపాయింట్లు దాచి ఉంచుతారు, బాగా దగ్గరికి వెళ్తే తప్ప జీపీఎస్‌లో బాణం రాదు. 2015లో సి.ఎస్. సంతోష్ ఆ ర్యాలీ పూర్తి చేసిన మొదటి భారతీయుడయ్యాడు. 2024లో హరిత్ నోవా అదే డకార్‌లో ర్యాలీ 2 అనే బైకుల క్లాస్ గెలిచాడు. వాళ్ళు చేసేది బండి నడపడంతో పాటు చదవడం కూడా.

మన ఘాట్లకి క్యాప్ అంతగా అక్కర్లేదు. కానీ ఒకేచోట మూడు మట్టి రోడ్లు చీలే దగ్గర "తిరిగాక 040" అని ఒక్క అంకె రాస్తే సందేహం పోతుంది. ఒక మాట: ఆగి ఉన్నప్పుడు జీపీఎస్ దిశ చెప్పలేదు, కాస్త కదలాలి. ఫోన్‌లోని దిక్సూచి చూద్దామంటే, అయస్కాంతాలతో పెట్రోల్ ట్యాంక్‌కి అంటుకునే బ్యాగ్ పక్కన పెడితే అది ఏ దిక్కు చూపిస్తుందో దానికే తెలీదు.

బ్రెవెట్_బాబాయ్

హైదరాబాద్ నుంచి సైకిల్ వాళ్ళ తరఫున. మా బీఆర్‌ఎమ్ రైడ్లలో (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరప్రయాణ సైకిల్ రైడ్లు) దీన్నే క్యూ షీట్ అంటాం, బొమ్మలు లేని రోడ్‌బుక్ అనుకోండి. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు గడువు, దారి తప్పితే ఆ టైమ్ ఎవరూ తిరిగివ్వరు. అందుకని జీపీఎక్స్ ఉన్నా క్యూ షీట్ జేబులో పెట్టుకునేవాళ్ళు చాలామంది.

మాస్టారు చెప్పినదాంట్లో అసలు కిటుకు దూరం. రోడ్‌బుక్ అంతా దూరం మీదే నడుస్తుంది, కానీ ఏ ఇద్దరి మీటర్లూ కలవవు. ఘాట్‌లో జీపీఎస్ హెయిర్‌పిన్‌ని అడ్డంగా కోసేస్తుంది, చెట్ల కింద సిగ్నల్ అటూ ఇటూ ఊగుతుంది. చక్రానికి ఉండే సెన్సర్‌కి ఈ గోల లేదు కానీ దానికి చక్రం చుట్టుకొలత సరిగ్గా ఇవ్వాలి. నా 700x28 టైరుకి పట్టికలో 2,136 మిల్లీమీటర్లు అని ఉంటుంది, గాలి తగ్గితే అదీ మారుతుంది. తేడా ఒక్క శాతమే అనుకోండి, 40 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి 400 మీటర్లు అవుతుంది. ఘాట్‌లో ఆ 400 మీటర్లలో రెండు హెయిర్‌పిన్‌లు పట్టేస్తాయి.

విరుగుడు ఏంటంటే, 15-20 కిలోమీటర్లకి ఒకసారి ఎవరికైనా తెలిసే చోటు దగ్గర మీటర్ సున్నా చేయమని రాయండి. వంతెన మొదలు, బంక్ గేటు, చెక్‌పోస్ట్ గేటు. తప్పు పోగుపడకుండా అక్కడికక్కడ తెగిపోతుంది.

ఇంకొకటి, గేట్ల టైమింగులు నోట్స్‌లో తప్పకుండా ఉండాలి. మా శ్రీశైలం దారిలో మన్ననూరు, దోర్నాల చెక్‌పోస్టులు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఆ సంగతి రోడ్‌బుక్‌లో లేకపోతే మిగతా గడులన్నీ ఎంత అందంగా గీసినా దండగే.

గోదారి_గేర్లు

బాబాయ్ గారూ, సున్నా చేస్తే "మొత్తం దూరం" గడి పాడవదా?

బ్రెవెట్_బాబాయ్

రోడ్‌బుక్‌లో కూడా అక్కణ్ణుంచి కొత్త భాగం మొదలెట్టండి: భాగం 2, మళ్ళీ 0.00 నుంచి. రోజు మొత్తం దూరం కావాలంటే మొదటి పేజీలో ఉంటుంది.

ట్యులిప్_మాస్టారు

ర్యాలీ మీటర్లలో సున్నా చేయక్కర్లేదు, ప్లస్ మైనస్ బటన్లుంటాయి. కల్వర్టు దగ్గర రోడ్‌బుక్ 18.20 అంటుంటే మీది 18.31 చూపిస్తే, మైనస్ నొక్కి 18.20కి తెస్తారు. డిజిటల్ రోడ్‌బుక్ యాప్‌ల్లో చాలావాటిలో ఈ సవరణ ఉంది. కానీ కొత్తవాళ్ళకి బాబాయ్ గారి పద్ధతే సుఖం.

పటం_పిచ్చి

ఎవరైనా గీయగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన ఏజెన్సీ రోడ్లు గీస్తుంటాను కాబట్టి కొన్ని హెచ్చరికలు.

ఇంట్లో కూర్చుని శాటిలైట్ బొమ్మ చూసి రోడ్‌బుక్ గీయొచ్చు. కానీ అది చిత్తుప్రతి మాత్రమే. మీ దారిలో కొంత భాగం, చింతపల్లి, లంబసింగి వైపు, నేషనల్ హైవే 516ఇ కిందకి వస్తుంది. వెడల్పు చేసే పనుల్లో మలుపులు సరిచేస్తారు, కొత్త వంతెన పక్కకి కడతారు, పాత రోడ్డు ముక్క అలాగే మిగిలిపోతుంది. మ్యాప్‌లో ఏది ఉందో, నేల మీద ఏది ఉందో చూసుకుని రావాల్సిందే. చెట్ల కింద మట్టి రోడ్లు శాటిలైట్ ఫొటోలో అసలు కనపడవు.

అక్షాంశ రేఖాంశాలు ఎవరైనా మెసేజ్‌లో పంపితే ముందు ఏ పద్ధతిలో ఉన్నాయో చూడండి. 17 డిగ్రీల 36 నిమిషాలు అంటే దశాంశాల్లో 17.6. దాన్ని 17.36 అని కొట్టారంటే మీ పాయింట్ దాదాపు 26 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. మ్యాప్ మీద అది కూడా ఏదో ఒక అడవిలోనే పడుతుంది కాబట్టి అనుమానం రాదు, అదే ప్రమాదం.

వరస తారుమారైతే మాత్రం వెంటనే దొరికిపోతుంది. కేఎంఎల్ ఫైల్లో (గూగుల్ ఎర్త్ వాడే మ్యాప్ ఫైల్) ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. మనం నోటితో చెప్పేది ముందు అక్షాంశం. చేత్తో మార్చేటప్పుడు మారేడుమిల్లి 17.6, 81.7 తిరగబడితే స్వాల్‌బార్డ్ దీవుల పైన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. అది నయం, నవ్వుకుని సరిచేసుకోవచ్చు. దశాంశం తర్వాత ఐదు అంకెలు చాలు, ఐదో అంకె విలువ సుమారు 1.1 మీటర్. పది అంకెలు రాసినా జీపీఎస్‌కి అంత చూపు లేదు.

ఆఫ్‌లైన్ మ్యాప్ ఓస్మ్‌యాండ్ యాప్‌లో రాష్ట్రాల వారీగా ఉంటుంది. చింతూరు దగ్గర ఛత్తీస్‌గఢ్, ఒడిశా, తెలంగాణ మూడూ దగ్గరే, సీలేరు వైపు ఒడిశా సరిహద్దు వెంట వెళ్తారు. ఆంధ్రప్రదేశ్ ఒక్కటే దించుకుంటే సీలేరు నది అవతల స్క్రీన్ ఖాళీగా కనిపిస్తుంది. నాలుగూ దించుకోండి.

వేపాయింట్ల పేర్లు తెలుగులో రాస్తే ఫోన్లలో బాగానే వస్తాయి, జీపీఎస్ డివైస్‌లు చాలావాటిలో డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి. బ్యాచ్‌లో ఎవరి దగ్గరైనా అలాంటి డివైస్ ఉంటే వాళ్ళకి వేరే ఫైల్ ఇవ్వండి.

గోదారి_గేర్లు

అక్కా, ఆ 26 కిలోమీటర్ల సంగతి ఇప్పుడే వాట్సాప్ గ్రూపులో పిన్ చేశాను. మరి ఏ సాఫ్ట్‌వేర్‌లో గీయాలి?

కొండమలుపు

ట్యులిప్‌లు కావాలంటే ర్యాలీ నావిగేటర్ వెబ్‌సైట్. మ్యాప్ మీద ట్రాక్ వేసుకుని, కూడలి ఉన్నచోట క్లిక్ చేస్తే గడి తయారవుతుంది. దూరాలు అదే వేస్తుంది, బొమ్మలో రోడ్లు మీరు చేరుస్తారు. తర్వాత పీడీఎఫ్‌గా తీసుకోవచ్చు, ఓపెన్‌ర్యాలీ ఫార్మాట్‌లోనూ తీసుకోవచ్చు. ఈ రెండోది కూడా జీపీఎక్స్ ఫైలే, కాకపోతే ప్రతి వేపాయింట్‌తో పాటు దాని బొమ్మ, నోట్స్ అందులోనే కూర్చుంటాయి. దాన్ని చదివే యాప్‌లో తెరిస్తే మీరు కదులుతుంటే గడులు వాటంతటవే జరుగుతాయి.

బొమ్మలు వద్దు, రాతలే చాలంటే రైడ్ విత్ జీపీఎస్ లాంటిదాంట్లో రూట్ గీసి క్యూ షీట్ తీసుకోండి. అది ఇచ్చే వాక్యాలు "కొద్దిగా ఎడమకి" తరహాలో ఉంటాయి, ఘాట్‌లో ప్రతి వంపునీ మలుపు అనుకుంటుంది కూడా. సగం తీసేయాలి.

ఎల్లో_బోర్డ్

కాగితం ప్రింట్ తీసి ట్యాంక్ మీద అతికిస్తే అయిపోయే పనికి ఇంత సరంజామానా?

ట్యులిప్_మాస్టారు

@ఎల్లో_బోర్డ్ బాబూ, నువ్వన్నది వెక్కిరింతైనా అందులో నిజముంది. లీడ్ బండికీ, చివరి బండికీ కాగితం కాపీ ఉండాల్సిందే. పాలిథిన్ కవర్లో పెట్టుకుంటే వానకీ ఏం కాదు.

వర్క్‌షాప్_వీధి

హార్డ్‌వేర్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను.

ఖరీదైన ఫోన్‌ని హ్యాండిల్ మీద పెట్టొద్దు. ఇంజిన్ వైబ్రేషన్ వల్ల కెమెరాలోని స్టెబిలైజేషన్ (ఫొటో అదరకుండా చూసే) భాగాలు దెబ్బతినొచ్చని యాపిల్ 2021లో తనే చెప్పింది. పెద్ద సింగిల్ సిలిండర్ బళ్ళ మీద ఇంకా ఎక్కువ. ఇంట్లో పాత ఫోన్ మూలన పడి ఉంటుంది కదా, దానికి సిమ్ అక్కర్లేదు, దాన్ని రోడ్‌బుక్‌కి వాడండి. జీపీఎస్‌కి డేటా అవసరం లేదు. కాకపోతే నెట్ లేకుండా మొదటిసారి పొజిషన్ పట్టడానికి టైమ్ పడుతుంది. అందుకని పొద్దున్నే బయట ఆరుబయట పెట్టి, టీ తాగేలోపు దాన్ని పట్టుకోనివ్వండి.

వాన పడితే టచ్ స్క్రీన్ మీద చినుకులే వేళ్ళైపోతాయి. రోడ్‌బుక్ దానంతటదే పది గడులు ముందుకి పోతుంది. బ్లూటూత్ రిమోట్ ఒకటి ఎడమ గ్రిప్ పక్కన కట్టుకుని స్క్రీన్ టచ్ లాక్ చేసేయండి. గ్లౌజులు తీసే పని కూడా తప్పుతుంది.

ఎండలో బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి, పక్కనే చార్జింగ్ పెడితే ఫోన్ వేడెక్కి స్క్రీన్ డిమ్ చేసుకుంటుంది, ఒక్కోసారి చార్జింగే ఆపేస్తుంది. నల్ల కవర్లో మూసి పెట్టొద్దు, గాలి తగలాలి. ఆండ్రాయిడ్‌లో అయితే ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి, లేదంటే స్క్రీన్ ఆగిన కాసేపటికి ట్రాక్ రికార్డింగ్ కూడా ఆగిపోతుంది.

పటం_పిచ్చి

ఒక్క విన్నపం. ట్రాక్ పబ్లిక్‌గా పెట్టేముందు అందులో అడవి లోపలి కాలిబాటలు ఉన్నాయేమో చూసుకోండి. ఎవరో ఊరివాళ్ళు జలపాతం దాకా తీసుకెళ్ళిన దారిని నెట్‌లో పెడితే, తర్వాత వచ్చేవాళ్ళు అనుమతి ఉందో లేదో చూడకుండా ఆ గీత పట్టుకుని వెళ్ళిపోతారు. ఇంటి గేటు నుంచి రికార్డ్ చేసిన మొదటి కిలోమీటర్ కూడా కత్తిరించేయండి, మీ ఇల్లు ఎక్కడో ఊరందరికీ చెప్పక్కర్లేదు.

గోదారి_గేర్లు

అందరి మాటా విని మొదటి భాగం నమూనా ఒకటి రాశాను. ఊళ్ళ పేర్లు తీసేశాను, ఇంకా రెక్కీ (ముందే వెళ్ళి దారి చూసి రావడం) చేయలేదు. వరసగా మొత్తం దూరం, మధ్య దూరం, నోట్స్. మాస్టారూ, కాస్త దిద్దండి.

0.00 / 0.00 / బంక్ గేటు బయట మీటర్ సున్నా. రోడ్డెక్కి ఎడమకి.
6.40 / 6.40 / మూడు రోడ్ల కూడలి. తారు రోడ్డు మీదే కుడికి. ఎదురుగా సిమెంటు రోడ్డు ఊళ్ళోకి పోతుంది.
6.58 / 0.18 / కల్వర్టు దాటగానే ఎడమకి, మట్టి రోడ్డు.
20.90 / 14.32 / చప్టా. !! నీళ్ళుంటే ఆగి చూడాలి.
21.35 / 0.45 / పెద్ద చింతచెట్టు దగ్గర కుడికి.

ట్యులిప్_మాస్టారు

రాసిన తీరు బాగుంది. నాలుగు చోట్ల దిద్దాలి.

6.40, 6.58 మధ్య 180 మీటర్లే. గంటకి 40లో వెళ్తే అది 16 సెకన్లు. మొదటి మలుపు తిరిగి గేరు మార్చేలోపు రెండోది వచ్చేస్తుంది. 6.40 గడిలోనే "వెంటనే ఇంకొకటి" అని రాయి, రెండు బొమ్మలూ పక్కపక్కన ఉండాలి.

తర్వాత 14.32 కిలోమీటర్లు ఖాళీ. తప్పు మట్టి రోడ్డెక్కినవాడికి ఆ సంగతి 14 కిలోమీటర్ల తర్వాత గానీ తెలియదు. మధ్యలో మలుపు లేకపోయినా మూడు నాలుగు కిలోమీటర్లకి ఒక ఆనవాలు పెట్టు: వాటర్ ట్యాంక్, బడి, సెల్ టవర్. మొదటి ఆనవాలు మాత్రం మలుపు తిరిగిన కిలోమీటర్ లోపే ఉండాలి.

చప్టాకి రెండు చాలవు, వానల తర్వాత వెళ్తున్నారు కాబట్టి మూడు. నీళ్ళు ఎక్కువుంటే తిరిగి ఏ దారి పట్టాలో కూడా అదే గడిలో ఉండాలి. "ఆగి చూడాలి" అని వదిలేస్తే చూసి ఏం చేయాలి?

చింతచెట్టు వద్దు. ఏజెన్సీలో అన్నీ పెద్ద చింతచెట్లే. పైగా రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది అదే. కూడలి ఆకారం గీయి, తిరిగాక దిశ రాయి.

బ్రెవెట్_బాబాయ్

దిద్దాక, రాసినవాడు కాకుండా ఇంకొకరు ఆ రోడ్‌బుక్ పట్టుకుని రెక్కీకి వెళ్ళాలి. రాసినవాడికి దారి గుర్తుంటుంది కాబట్టి గడిలో లేనిది కూడా మనసులో చదువుకుంటాడు. వీలైతే ఆ మనిషికి ట్రాక్ ఇవ్వొద్దు.

వర్క్‌షాప్_వీధి

మరి ట్రాక్ లేకుండా ఏజెన్సీలో తప్పిపోతే?

బ్రెవెట్_బాబాయ్

ట్రాక్ పక్క బండిలో ఉంటుంది. అతను చూస్తూ వస్తాడు, మాట్లాడడు. ముందువాడు తప్పు మలుపు తిరిగితే ఆ గడి నంబర్ రాసుకుని, అర కిలోమీటర్ తర్వాత హారన్ కొడతాడు.

గోదారి_గేర్లు

సరే మాస్టారూ, దిద్దుకున్నాను. చప్టా గడికి తిరిగి వెళ్ళే దారి కోసం వేరే చిన్న రోడ్‌బుక్ రాస్తున్నా, ఎందుకంటే వెనక్కి వచ్చేటప్పుడు బొమ్మలన్నీ తిరగబడతాయి. రెక్కీకి మా గ్రూపులో ఈ దారి అసలు ఎరగని ఇద్దర్ని పంపుతున్నాం, చెక్‌పోస్టుల దగ్గర టైమింగులు, పెట్రోల్ ఎక్కడెక్కడ దొరుకుతుందో వాళ్ళే కనుక్కుంటారు.

పటం_పిచ్చి

రెక్కీ ట్రాక్ నాకు పంపండి. సెకనుకో పాయింట్ పెట్టి రికార్డ్ చేయమనండి, పాయింట్లు తగ్గించకుండా అలాగే పంపాలి. పాత రోడ్డు ముక్కలు ఎక్కడెక్కడ మిగిలాయో ఫొటో తీయమని చెప్పండి, మ్యాప్‌లో సరిచేస్తాను. రైడ్ ముందు రోజు అందరూ ఆఫ్‌లైన్ మ్యాప్ మళ్ళీ దించుకోవాలి, ఓస్మ్‌యాండ్‌లో కొత్త మార్పులు వాటంతటవి రావు.